వకాలతు నిచ్చితిమి, వాయిదాకు పోవలదా?

న్యాయస్థానములలో ఇరువది సంవత్సరములుగా తిరుగుచున్నవాడ నగుటచే కక్షిదారులలో రెండు విధములవారిని నేను బాగుగా ఎరుగుదును. మొదటివాడు వకాలతునామాపై చేవ్రాలు చేసి, కాగితములు వకీలు చేతిలో పెట్టి, ఊరికి పోయి, తీర్పుదినమున మరల కనబడును. నడుమ ఎన్ని వాయిదాలు పడినవో, ఎదుటి పక్షమువారు ఏ దస్తావేజు దాఖలు చేసిరో, తన సాక్షి బోనులో నిలిచి ఏమి చెప్పెనో అతనికి పట్టదు. దావా ఓడిన దినమున మాత్రము వకీలు అమ్ముడుపోయెనని వీధిలో నిలిచి కేకలు వేయును. రెండవవాడు ప్రతి వాయిదాకును వచ్చి వరండాలో కూర్చుండును; "ఈ దినము ఏమి జరిగినది?" అని అడుగును, అర్థము కాకున్న మరల అడుగును. అతని యెదుట ఎంతటి సోమరి వకీలైనను కాగితములు చదువక తప్పదు. వకీలు ఒక్కడే, న్యాయస్థానము ఒక్కటే, చట్టము ఒక్కటే. ఫలమున భేదము కక్షిదారునిబట్టి కలుగుచున్నది.

ప్రజాప్రాతినిధ్య ప్రభుత్వమును గూర్చి పఠనమందిరములలో జరుగు వాదములు చెవిని పడినప్పుడెల్ల ఈ ఇరువురును నాకు జ్ఞప్తికి వచ్చుచుందురు. ఎన్నికలు మోసమనియు, ప్రతినిధులు స్వార్థపరులనియు, గట్టి చేయిగల ఏకైక పురుషుడు వచ్చిననేగాని దేశము బాగుపడదనియు చదువుకొన్నవారే పలుకుచున్నారు. ఆ పలుకులలోని ఆగ్రహము న్యాయమైనది. అందుండి వారు తీయు సిద్ధాంతము న్యాయమైనది కాదు. ఈ పద్ధతియందు గుణములు కలవు, దోషములును కలవు. గుణములు చట్టము వలన కొంత నిలుచును. దోషములు మాత్రము వోటరు నిద్రించిన కొలదిని పెరుగును. ఇదియే నేను ఈ వ్యాసమున మనవి చేయదలచిన విషయము.

మొదట గుణములను చూతము. ప్రాతినిధ్య ప్రభుత్వము జ్ఞానులను ఎన్నుకొనునని ఎవ్వరును ప్రమాణము చేయలేరు. దాని ఘనత అందు లేదు. పాలకుని రక్తపాతము లేకుండ దింపగల ఉపాయము మానవజాతికి ఇంతవరకు ఇది యొక్కటియే దొరకినది. 1975 జూనులో దేశమున అత్యవసర పరిస్థితి విధింపబడెను. ప్రతిపక్ష నాయకులు చెరసాలల పాలైరి. పత్రికలపై నిఘా పెట్టబడెను. 1977 మార్చిలో ఎన్నికలు జరుగగా, ఆ పాలన నడపిన ప్రధానమంత్రియే తన నియోజకవర్గమైన రాయబరేలీలో ఓడిపోయెను. ఒక్క తుపాకి పేలకుండ ప్రభుత్వము చేతులు మారెను. మన తెలుగునాట 1982 మార్చిలో పుట్టిన పక్షము 1983 జనవరిలో అధికారమునకు వచ్చెను. అంతకు ముందు రాష్ట్రము ఏర్పడిననాటినుండి పాలించిన పక్షము మారుమాటాడక దిగిపోయెను. రాజుల కాలమున సింహాసనము ఒక ఇంటినుండి మరియొక ఇంటికి పోవుటకు ఎన్ని యుద్ధములు జరిగినవో చరిత్ర చదివినవారికి చెప్ప నక్కరలేదు.

రెండవ గుణము, బీదవాని ప్రాణమునకు వెల కట్టుట. 1943లో వంగదేశమున కరవు వచ్చి సుమారు ముప్పది లక్షలమంది మరణించిరి. అప్పటి అసలు అధికారము ఆ ప్రజల వోటునకు లొంగినది కాదు. 1959 మొదలు 1961 వరకు చీనాలో ఆకలిచే మరణించినవారిని కోట్లలో లెక్కింపవలసి వచ్చినది. అచ్చట ఆకలిచావుల వార్తను ప్రకటించు స్వేచ్ఛగల పత్రికయు లేదు, ప్రశ్నించు ప్రతిపక్షమును లేదు. స్వతంత్ర భారతమున లేమి కలదు, పస్తులు కలవు, సిగ్గుపడదగిన పోషకాహార లోపము కలదు. కాని ఆ విధమైన మహాక్షామము మరల రాలేదు. ఎన్నికలును, పత్రికలును గల దేశమున పాలకుడు క్షామమును ఉపేక్షింపలేడని ఆర్థికశాస్త్రజ్ఞుడు అమర్త్యసేనుగారు చూపినది ఈ కారణమునే.

మూడవ గుణము, మనుష్యునకు మనుష్యునిగా లభించిన గౌరవము. పరప్రభుత్వకాలమున వోటు ఆస్తికి నీడవలె నుండెడిది. ఇంత శిస్తో, ఇంత పన్నో చెల్లించువానికి, లేక ఇంత చదువు గలవానికి మాత్రమే ఆ హక్కు. 1937 నాటి రాష్ట్ర శాసనసభల ఎన్నికలలో వోటు గలవారు సుమారు మూడు కోట్లమంది. 1951–52లో వయోజనులందరికిని వోటు నిచ్చి జరిపిన మొదటి ఎన్నికలలో వోటర్లు పదునేడు కోట్లకు పైబడిరి. అప్పుడు దేశమున చదువ నేర్చినవారు నూటికి 18 మంది. ఇది పిచ్చి సాహసమని నవ్వినవారు లేకపోలేదు. మొదటి ప్రధాన ఎన్నికల అధికారి సుకుమార్ సేనుగారికి ఎదురైన చిక్కులలో ఒకటి చెప్పుదును. లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పక "ఫలానావాని భార్యను," "ఫలానావాని తల్లిని" అని మాత్రమే వ్రాయించిరి. పేరు లేనిదే వోటు లేదని నిర్ణయింపగా సుమారు 28 లక్షలమంది పేర్లు జాబితానుండి తొలగింపబడెను. ఆనాడు నిష్ఠురముగా తోచిన ఆ నిర్ణయము వలననే తరువాతి ఎన్నికనాటికి ఆ తల్లులు తమ పేర్లు తాము చెప్పుకొనవలసి వచ్చెను. తన పేరు తాను చెప్పుకొనుట పౌరత్వమునకు ప్రథమాక్షరము కాదా?

ఈ పద్ధతి మనకు విదేశపు ఎరువుసొమ్మని కొందరందురు. అదియు పూర్తిగా నిజము కాదు. దక్షిణదేశమున ఉత్తరమేరూరులో చోళరాజు మొదటి పరాంతకుని కాలమునాటి శాసనములు కలవు. గ్రామమును 30 వాడలుగా విభజించి, అర్హుల పేర్లు తాటాకులపై వ్రాసి, కుండలో వేసి, ఒక బాలునిచేత తీయించి, సభాసంఘములను నియమించెడివారు. అది సర్వజనుల వోటు కాదు. భూమియు, వేదవిద్యయు గలవారికే అందు చోటు. కావున దానిని స్వర్ణయుగమని పొగడ నవసరము లేదు. కాని ఒక్క నియమము మాత్రము నేటికిని శిరోధార్యము: పూర్వము సంఘములలో నుండి లెక్క అప్పగింపనివాడును, వాని దగ్గరి బంధువులును మరల సభ్యత్వమునకు అనర్హులు. వేయి సంవత్సరముల క్రింద ఒక గ్రామము కనుగొన్న ఈ సూత్రమును మనము ఎంతవరకు పాటించుచున్నామో ఎవరికి వారే విచారించుకొందురు గాక.

ఇక దోషముల మాట. వానిని దాచుట ఈ పద్ధతికి ఉపకారము కాదు.

మొదటిది లెక్కలోని దోషము. మన ఎన్నికలలో అధిక వోట్లు వచ్చినవాడు గెలుచును. తక్కినవారి వోట్లకు సభలో చోటు లేదు. 2019లో ఆంధ్రప్రదేశమున తెలుగుదేశమునకు నూటికి 39 వోట్లు వచ్చినవి. 175 స్థానములలో దక్కినవి 23. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకును నూటికి 39 వోట్లే వచ్చినవి, దక్కినవి 11. అయిదేండ్ల వ్యవధిలో ఇరు పక్షములకును ఒకే అనుభవము కలిగినది కావున ఇందు నేను ఎవరి పక్షమును వహించి పలుకుట లేదని పాఠకులు గ్రహింతురు. పదిమందిలో నలుగురి గొంతు శాసనసభలో వినబడకున్నచో, గెలిచినవారికి గర్వమును, ఓడినవారికి ద్వేషమును పెరుగుట సహజము.

రెండవది అంతకంటె లోతైనది. ప్రతినిధి ఎవరికి జవాబుదారి? ఇంగ్లండులో ఎడ్మండు బర్కు 1774లో బ్రిస్టలు వోటర్లతో, తాను వారి మేలుకొరకు తన వివేకమును వినియోగింతునుగాని వారి ఆజ్ఞలకు కట్టుబడనని చెప్పెను. 1780లో ఆ పట్టణమువారు ఆయనను వదలుకొనిరి. అంతకు ముందే 1762లో రూసో, ప్రజల సంకల్పమును మరియొకడు మోయజాలడనియు, ప్రతినిధులు కేవలము పనివారనియు వాదించెను. ప్రతినిధి తన వివేకమునకు లోబడవలయునా, వోటరు మాటకు లోబడవలయునా యని వారి వివాదము. మన దేశమున ఆ వివాదము విచిత్రముగా పరిష్కరింపబడినది: ఇక్కడ ప్రతినిధి తన వివేకమునకును లోబడడు, వోటరునకును లోబడడు, పక్షనాయకుని విప్ ఆజ్ఞకు లోబడును.

ఈ స్థితి ఏల వచ్చినదో చెప్పవలయును. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ పక్షము దినములలో మూడుమారులు పక్షము మార్చెను. ఇట్టి అంగడిని అణచుటకు 1985లో రాజ్యాంగమునకు 52వ సవరణ చేసి పదవ షెడ్యూలు చేర్చిరి. ఉద్దేశము మంచిదే. ఫలమేమి? విప్‌నకు విరుద్ధముగా తన మనస్సాక్షినిబట్టి ఒంటరిగా వోటు వేసినవాడు సభ్యత్వము కోల్పోవచ్చును. శాసనసభాపక్షమున మూడింట రెండువంతులమంది గుంపుగా కలిసి విలీనమని పేరు పెట్టినచో చట్టము వారిని కాపాడును. తెలంగాణమున 2019 జూనులో కాంగ్రెసు సభ్యులు 18 మందిలో 12 మంది అటులనే అధికారపక్షమున కలిసిరి. ఆంధ్రప్రదేశమున 2014 తరువాత ప్రతిపక్షమున గెలిచిన 67 మందిలో 23 మంది అధికారపక్షమునకు తరలిరి. వారిలో నలుగురు 2017లో మంత్రులును అయిరి. వారి అనర్హతపై నిర్ణయము సభాకాలము ముగియువరకు రాలేదు. సాధారణముగా మూడు నెలలలో తేల్చవలయునని 2020లో మణిపూరు వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినది. కాని కాలహరణమున ఆరితేరినవారిని కోర్టులు మాత్రమే కదలింపజాలవని, కోర్టులలోనే బ్రతుకుచున్న నేను నిస్సంకోచముగా చెప్పగలను. ఓడ ఎక్కువరకు ఓడమల్లయ్య, దిగిన పిమ్మట బోడిమల్లయ్య అన్న సామెత మన వోటర్ల అనుభవమునుండి పుట్టినట్లే తోచును.

మూడవది ధనము. పెద్ద రాష్ట్రములలో లోకసభ అభ్యర్థి 95 లక్షలకును, శాసనసభ అభ్యర్థి 40 లక్షలకును మించి వ్యయము చేయరాదని 2022లో నిర్ణయించిరి. ఈ పరిమితిలోనే ఎన్నికలు జరుగుచున్నవని నమ్ము వోటరును నాకెవరైనను చూపినచో ధన్యుడనగుదును. దాత ఎవరో వోటరునకు తెలియకుండ పక్షములకు ద్రవ్యము చేర్చుటకై 2018లో వచ్చిన ఎన్నికల బాండ్ల పద్ధతిని, వోటరు తెలిసికొను హక్కునకు విరుద్ధమని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసెను. అది గొప్ప తీర్పు. కాని వోటరు తాను నోటు చేతబట్టి, అభ్యర్థికి నోటు ఎక్కడిదని అడుగుట ఎట్లు? అమ్మినవాడు మరల అడుగుటకు హక్కుగలవాడు కాడని అంగడిలోని పిల్లవానికిని తెలియును.

నాలుగవది మనకు మిక్కిలి దగ్గరిది. కావుననే మనము మిక్కిలి ఉపేక్షించినది. గ్రామ పంచాయతీల కాలము అయిదేండ్లు నిండకముందే క్రొత్త ఎన్నిక ముగియవలయునని 1992 నాటి 73వ సవరణచే రాజ్యాంగమున వ్రాసికొంటిమి. 74వ సవరణచే పురపాలకసంఘములకును అదే నియమము చేసికొంటిమి. అయినను ఆంధ్రప్రదేశమున 2018 ఆగస్టులో కాలము ముగిసిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలోగాని ఎన్నికలు జరుగలేదు. తెలంగాణమున 2024 ఫిబ్రవరిలో పంచాయతీల కాలము ముగియగా, అచ్చటను ఏడాదికి పైగా ప్రత్యేకాధికారులే పాలించిరి. శాసనసభకు ఎన్నిక ఆరు నెలలు ఆగినచో రాష్ట్రము అట్టుడికిపోవును. ఊరి సభ రెండున్నరేండ్లు లేకున్నను మనకు చీమ కుట్టినట్లైనను లేదు! 1921లో చీరాల పేరాల జనులు తమ సమ్మతి లేక తమపై పెట్టిన పురపాలకసంఘమును ధిక్కరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరములో పాకలు వేసికొని నెలల తరబడి ఎండవానల కోర్చిరి. మమ్ములనడుగక మాపై పన్ను వేయుటకు మీరెవరు అన్నదే వారి ప్రశ్న. ఆ ప్రశ్న అడుగుటకు వారు ఇల్లు విడిచిరి. ఆ ప్రశ్న అడుగుటకు హక్కు వచ్చిన పిమ్మట మనము ఇల్లు కదలకున్నాము.

ఈ దోషములకు మందుగా రెండు మార్గములు చెప్పువారు కలరు. ఏకపురుషుని పాలన యొకటి. మంచివాడు దొరకినచో బాగుగనే యుండును గదా యందురు. చెడ్డవాడు దొరకినచో దింపుట ఎట్లు అని మాత్రము వారు చెప్పరు. మంచివాడైనను వృద్ధుడగును, భ్రమపడును, పరివారముచే కప్పబడును. అప్పుడు ఆతనికి నిజము చెప్పువాడు చెరసాలలో నుండును. రెండవది, ప్రతినిధులతో పని లేకుండ ప్రతి విషయమును జనులే వోటు వేసి తేల్చుట. స్విట్జర్లండు ఇందుకు ఆదర్శమందురు. ఆ దేశమున స్త్రీలకు జాతీయ ఎన్నికలలో వోటు నిచ్చుటకు 1959లో పురుషులే వోటు వేసి నిరాకరించిరి; 1971లోగాని అంగీకరింపలేదు. నూటికి 18 మంది చదువరులుగల మన దేశము దానికి ఇరువదియేండ్లకు ముందే ఆ పని చేసినది. ఇక 2024లో మన వోటర్లు 96 కోట్లకు పైబడిరి. ఇంతమంది ఒక చట్టములోని ప్రతి నిబంధనను కూర్చుండి చర్చింప శక్యమా? ప్రతినిధి తప్పడు. తప్పనివానిని తప్పుదారి పట్టకుండ కాచుకొనుటయే మన పని.

కాచుకొనగలమా యని సందేహించువారికి మన నాటనే సాక్ష్యము కలదు. 1984 ఆగస్టు 16న ఎన్నికైన ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావుగారిని గవర్నరు తొలగించి మరియొకరిని ఆ పీఠమున కూర్చుండబెట్టెను. వోటు వేసి ఏడాదిన్నర గడచినది. రాజ్యాంగమునుబట్టి వోటరునకు అప్పుడు చేయదగిన పని ఏదియు లేదు. అయినను జనులు వీధులలోనికి వచ్చిరి. ప్రతినిధులు శిబిరములలో నుండిరి. వోటర్లు మెలకువగా నుండిరి. సెప్టెంబరు 16న ఆయన మరల ముఖ్యమంత్రి అయ్యెను. ఆయన పాలనను మెచ్చినవారును, మెచ్చనివారును ఒప్పుకొనవలసిన సంగతి యొకటి కలదు: వకాలతు దుర్వినియోగమైనప్పుడు కక్షిదారు కోర్టు వరండాలో కనబడెను, దావా గెలిచెను.

మరియొక సాక్ష్యము నెల్లూరు సీమలోని దూబగుంట. 1990 తరువాతి తొలి సంవత్సరములలో అక్షరములు దిద్దుకొను స్త్రీలు సారాయి దుకాణములకు అడ్డు నిలిచిరి. వారు శాసనసభ్యులు కారు, కొందరికి చేవ్రాలైనను అప్పుడప్పుడే వచ్చుచుండెను. వారి ఉద్యమము రాష్ట్రమంతటను ప్రాకగా 1993 అక్టోబరులో సారాయి నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలింపబడెను. నిషేధము మంచిదా కాదా యను చర్చ ఇక్కడ అప్రస్తుతము. జనులు వీధిలో నున్నంతకాలము శాసనము వారి మాట వినినది. వారు అలసి ఇండ్లకు పోయిన పిమ్మట ఖజానా మాట వినినది. నేను ఇందుండి నేర్చికొన్నది ఇంతియే.

ఇతరులను తప్పుపట్టి ముగించుట నాకు ఇష్టము లేదు. మా పట్టణమున కొంతకాలము క్రిందట ఒక పేటలో మురుగుకాలువ కట్టించుటకు ప్రజల అభిప్రాయము కోరి సభ చేసిరి. ఆ సభకు నేను పోలేదు. కోర్టుపని కలదని సాకు చెప్పుకొంటిని. నిజమునకు ఆ సాయంకాలము నాకు పని లేదు. పదిమందియైనను రాని ఆ సభలో కాగితములు చదివినవారు లేరు. కాలువ వాలు ఎదురుగా కట్టబడినది. తరువాతి వానకాలమున ఆ నీరు పేదల ఇండ్లలోనికి వచ్చి, మగ్గపు గుంటలు నిండినవి. ఒక వృద్ధ నేతగాడు నా ఇంటికి వచ్చి, కోపమైనను చూపక, "చదువుకున్నవారు గదా బాబూ, ఆ కాగితం ముందుగా మీరైనా చూడకపోయారా?" అని అడిగెను. కౌన్సిలరును నిందింపవచ్చును, కంట్రాక్టరును నిందింపవచ్చును. ఆ వృద్ధుడు మాత్రము నన్ను అడిగెను. నాటినుండి నేడు వరకు నాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

కావున ఈ పత్రికను పఠనమందిరమున కూర్చుండి చదువు మహాశయులకు నా విన్నపము మూడు మాటలు. మీ మందిరపు బల్లపై దినపత్రికల ప్రక్కను మీ పురపాలకసంఘపు, లేక పంచాయతీ వరవు ఖర్చుల పట్టికను ఉంచుడు. ఇచ్చుటకు నిరాకరించినచో 2005 నాటి సమాచారహక్కు చట్టము మీ చేతిలో నున్నది. మీ శాసనసభ్యుడు సభలో ఏమి అడిగెనో, ఏ బిల్లుపై ఏమి పలికెనో నెల కొకసారి ఒక కాగితముపై వ్రాసి గోడకు అతికింపుడు. మౌనముగా నున్నచో మౌనమనియే వ్రాయుడు. ఊరి సభ జరుగు దినమున ప్రతి వీధినుండి ఇద్దరు పోవునట్లు ఏర్పాటు చేసికొనుడు. చదువ నేర్చినవారొకరు, ఆ వీధి కష్టము తెలిసినవారొకరు. ఇందుకు ధనము అక్కరలేదు, పక్షము అక్కరలేదు, నాయకుడును అక్కరలేదు.

1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేద్కరుగారు, రాజకీయమున సమానత్వము పొందియు సాంఘిక ఆర్థిక జీవితమున అసమానత్వము నిలుపుకొన్నచో మనము కట్టిన కట్టడమే కూలునని హెచ్చరించిరి. ఆ అసమానత్వమును పోగొట్టుటకు మనకు దొరకిన పనిముట్టు ఈ ప్రాతినిధ్య పద్ధతియే. పనిముట్టు మొద్దుబారినచో సానపట్టుదుము గాని పారవేయము. వకాలతునామాపై మనమే చేవ్రాలు చేసితిమి. దావా మనది, ఆస్తి మనది, ఓడినచో వీధిని పడువారు మన బిడ్డలు. తరువాతి వాయిదా ఏనాడో తెలిసికొని పోవుదము.